మగ పాత్రలు నిజం మనుషుల్లా అనిపించాలంటే ఏం చేయాలి?

చిత్తుప్రతి:

నవల రెండో డ్రాఫ్ట్ నడుస్తోంది. ఒక ఇంటి కథ, నలుగురి కోణాల్లోంచి సాగుతుంది. కూతురి పాత్ర బాగా కుదిరిందని చదివినవాళ్లందరూ అన్నారు. ఇబ్బందంతా ముగ్గురు మగవాళ్లతోనే. తండ్రికి 58 ఏళ్లు. పెద్దకొడుక్కి 32, ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవాడు, ఉద్యోగం పోయి రెండు నెలలైనా ఇంట్లో చెప్పలేదు. చిన్నవాడికి 14.

తండ్రికి కోపం తప్ప ఇంకో ముఖమే లేదంటున్నారు. పెద్దకొడుకు తన బాధని అచ్చం చెల్లెల్లాగే విడమర్చి చెప్తున్నాడట. చిన్నవాడికి పదేళ్లో ఇరవయ్యేళ్లో అర్థం కావట్లేదట. పెద్దవాడు తండ్రికి విషయం చెప్పే చోటు ప్రస్తుతం ఇలా ఉంది:

“నాన్నా, నా ఉద్యోగం పోయి రెండు నెలలైంది. మీకు చెప్పాలంటే భయమేసింది. మీ దృష్టిలో పనికిరానివాణ్ణి అయిపోతానేమోనని రోజూ నలిగిపోయాను.”

తండ్రి కళ్లు ఎర్రబడ్డాయి. “సిగ్గు లేదూ! రెండు నెలలు మమ్మల్ని మోసం చేశావా?” అని అరిచాడు.

సీన్ అవసరం, తీసేయలేను. ఎక్కడ తప్పుతోందో, ఎలా సరిచేయాలో కొంచెం వివరంగా చెప్పగలరా?

మూడో_పేరా:

మీ సీన్‌లో సమాచారమంతా ఉంది. అది వచ్చిన తీరే నమ్మబుద్ధి కావట్లేదు. రెండు నెలలు నోరు మెదపనివాడు నోరు తెరవగానే భయం, పనికిరానితనం, నలిగిపోవడం అంటూ ఒక్కోదానికి పేరు పెట్టి అప్పజెప్పాడు. తన మనసు గురించి అంత స్పష్టత ఉన్నవాడైతే మొదటి వారంలోనే చెప్పేసేవాడు. దాచిపెట్టేవాళ్లు చాలాసార్లు ఆ మాటని తమలో తాము కూడా పూర్తిగా అనుకోరు. అందుకే బయటికొచ్చేటప్పుడు అది ముక్కలుగా, వేరే సంగతి పక్కన నక్కి వస్తుంది.

“మగవాడు ఎలా ఉంటాడు” అన్న ప్రశ్నతో మొదలుపెడితే మీకు దొరికేది ఒక మూస. “ఇతను ఎవరి ముందు ఏది బయటపడకూడదనుకుంటున్నాడు” అని అడిగితే మనిషి దొరుకుతాడు. కొడుకు తండ్రి ముందు చేతకానివాడిగా కనబడకూడదు. తండ్రి కొడుకు ముందు బెదిరిపోయినట్టు కనబడకూడదు. ఈ రెండూ పెట్టుకుని, ఇద్దరి చేతికీ ఒక పని ఇచ్చి రాసి చూద్దాం. పని ఎలాంటిదంటే ఒక్కడితో అయ్యేది కాకూడదు, మధ్యలో వదిలేసి వెళ్లిపోయే వీలుండకూడదు, ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సిన అవసరం ఉండకూడదు.

తలుపు పైబందు వదులైంది. తండ్రి స్క్రూ బిగిస్తున్నాడు. కొడుకు తలుపు బరువు ఎత్తిపట్టుకున్నాడు.

“ఇంకాస్త ఎత్తు.”

ఎత్తాడు.

“రేపు ఎన్నింటికి వెళ్లాలి?”

“రేపు లేదు.”

“సెలవా?”

“కాదు.”

స్క్రూ బిగుసుకోకుండా ఊరికే తిరుగుతోంది. తండ్రి దాన్ని బయటికి లాగి వెలుతురులో పెట్టి చూశాడు. మర బాగానే ఉంది.

“ఎప్పట్నించి?”

“రెణ్ణెల్లు.”

“అమ్మకి తెలుసా?”

“లేదు.”

“అగ్గిపుల్లలు పట్రా. చిల్లు పెద్దదైపోయింది.”

కొడుకు కదల్లేదు. వదిలితే తలుపు ఒరిగిపోతుంది.

“నే పట్టుకుంటాలే. వెళ్లు.”

ఇందులో భావాన్ని పేరు పెట్టి చెప్పే మాట ఒక్కటీ లేదు. తండ్రి మర చూసిన ఆ రెండు సెకన్లే అతని దెబ్బ. “అమ్మకి తెలుసా” అన్నది అతని భయం. “నే పట్టుకుంటాలే” అన్నది అతను ఇవ్వగలిగిన ఓదార్పు. చిల్లు వదులైతే అగ్గిపుల్లలు కూరి స్క్రూ బిగించడం నిజంగా చేసే పనే. పని వివరం తప్పయితే పాఠకుడు పనిని నమ్మడు, పని చేస్తున్న మనిషిని అంతకన్నా నమ్మడు. మీరు వేరే పని పెట్టుకున్నా, అది ఏ వరసలో సాగుతుందో, ఎక్కడ మొండికేస్తుందో కనుక్కుని రాయండి.

ఒక హెచ్చరిక. నవలంతా ఇలా నడిపితే ఊపిరాడదు. ఇలాంటి సీన్ రెండో మూడో చాలు. ఎక్కడో ఒకచోట ఈ కొడుకే నాలుగు పూర్తి వాక్యాలు గుక్కతిప్పుకోకుండా మాట్లాడాలి. అప్పటిదాకా పొడిపొడిగా ఉన్నాడు కాబట్టి ఆ నాలుగు వాక్యాలకీ బరువొస్తుంది.

ఇంకో పని చేయండి. ఉద్యోగం పోయిన సంగతినే అతను ఐదుగురికి చెప్తున్నట్టు ఒక్కొక్కటి ఆరేడు లైన్లలో రాయండి: తండ్రికి, తల్లికి, చిన్ననాటి స్నేహితుడికి, కొత్త ఉద్యోగం ఇవ్వగల పెద్దమనిషికి, తమ్ముడికి. స్నేహితుడి దగ్గర “పీకేశార్రా” అంటాడు. పెద్దమనిషి దగ్గర “ప్రస్తుతం కొంచెం గ్యాప్‌లో ఉన్నానండీ” అంటాడు. తల్లి దగ్గర అసలు సంగతి వదిలేసి “నువ్వేం కంగారు పడకు” తో మొదలుపెడతాడు. తెలుగులో పిలుపు, క్రియ చివర, “రా”, “అండి” ఇవన్నీ మనిషికి మనిషికి మారిపోతాయి కాబట్టి ఈ కసరత్తు మనకి బాగా పనికొస్తుంది. పిలుపులు కొట్టేసి చదివినా ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియాలి. తెలియకపోతే పాత్ర ఇంకా తయారవలేదు. నవల్లో వీటిలో ఒకటో రెండో వాడతారు, మిగతావి మీకోసం.

కామా_చాలు:

తండ్రి కోపం గురించి చెప్తాను, ఎక్కువ డ్రాఫ్టులు చెడిపోయేది అక్కడే.

ప్రింట్ తీసుకుని తండ్రి గొంతు పెంచిన ప్రతి చోటా గీత గీయండి. ఒక్కో గీత పక్కన, అరవడానికి సరిగ్గా ముందు క్షణంలో అతనికి ఏం జరిగిందో ఒక మాట రాయండి: భయపడ్డాడా, పరువు పోయిందా, నొచ్చుకున్నాడా, ఒంట్లో ఓపిక లేదా. మాట దొరకని చోట కోపం రచయితది, సీన్ కదలట్లేదని అరిపించారు. అలాంటివి కొట్టేయండి. దొరికిన చోట ఆ ముందు క్షణానికి పేజీలో కనీసం ఒక్క వాక్యం జాగా ఇవ్వండి. మీ సీన్‌లో “కళ్లు ఎర్రబడ్డాయి” అని నేరుగా కోపంలోకి దూకారు. వినడానికీ అరవడానికీ మధ్య అతను ఏదో లెక్కేసుకుంటాడు. ఈ రెండు నెలల్లో కొడుకు గురించి ఎవరెవరి దగ్గర గొప్పగా చెప్పుకున్నాడో గుర్తొస్తుంది. అది రాయండి, కోపం దానంతటదే అర్థమవుతుంది.

కోపానికి తర్వాత కూడా ఉంటుంది, దాన్ని దాదాపు ఎవరూ రాయరు. అరిచినవాడి గుండె దడ, చేతి వణుకు మాట ఆగిన వెంటనే ఆగవు. నోరు ఎండిపోతుంది. కాస్త తేరుకున్నాక నీరసం. సారీ చెప్పడం రానివాడు ఆ సమయంలో ఏం చేస్తాడన్నది అతని గురించి అరుపుకంటే ఎక్కువ చెప్తుంది. ఎవరూ అడగని చిన్న పని చేసిపెడతాడు, లేదా గంట తర్వాత ఏ సంబంధమూ లేని మాట మామూలు గొంతుతో అడుగుతాడు.

58 ఏళ్ల శరీరాన్ని కూడా వాడుకోండి. మీరు పంపిన ముక్కలో అతనికి ఎర్రబడే కళ్లు తప్ప ఒళ్లే లేదు. దగ్గరి చూపు 40లలోనే తగ్గడం మొదలవుతుంది, కాగితాన్ని చెయ్యి చాచి పట్టుకుంటాడు, కళ్లజోడు పెట్టుకోవడం ఇష్టం లేక “తర్వాత చూస్తాలే” అంటాడు. ప్రోస్టేట్ పెరిగే వయసు కాబట్టి రాత్రి రెండుసార్లు లేవడం మామూలే. అంటే ఇంట్లో అర్ధరాత్రి మెలకువగా ఉండే మనిషి అతనే, పెద్దకొడుకు గదిలో లైటు వెలుగుతోందని మొదట తెలిసేదీ అతనికే.

అన్నిటికన్నా మీకు పనికొచ్చేది వినికిడి. వయసుతో వచ్చే చెవుడు ముందు పైస్థాయి శబ్దాల్ని తినేస్తుంది. అచ్చులు వినబడతాయి. స, శ, ఫ లాంటి హల్లులు చెదిరిపోతాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలీదు. నలుగురు ఒకేసారి మాట్లాడే గదిలో మరీ కష్టం. దాన్ని ఒప్పుకోలేనివాడు మూడు పనుల్లో ఏదో ఒకటి చేస్తాడు: “ఊఁ” అని తప్పించుకుంటాడు, సంభాషణంతా తానే మాట్లాడతాడు, లేదా “గొణగకుండా చెప్పు” అని విసుక్కుంటాడు. మీ పాఠకులు కోపిష్టి అంటున్న మనిషికి సగం సీన్లలో కారణం ఇదే అయితే? కూతురు అది కనిపెట్టే చోటు నవలకి ఒక మలుపు కూడా అవుతుంది. కానీ మొదటి వంద పేజీల్లో ఎక్కడా “వినబడలేదు” అని చెప్పకండి. సమాధానం ప్రశ్నకి కొంచెం పక్కగా పడుతున్నట్టు చూపిస్తే చాలు.

రెండో_కోణం:

పైన చెప్పిన వాటితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ మూడో_పేరా గారి సీన్ చదివి మీరు ముగ్గురు మగవాళ్లనీ మౌనమునులుగా మార్చేస్తారేమోనని నాకు బెంగగా ఉంది. ఇప్పుడు ఒక మూస ఉంది, దాన్ని తీసి ఇంకో మూస పెట్టినట్టవుతుంది.

మగవాళ్లు తక్కువ మాట్లాడతారన్నది అంత గట్టి నిజం కాదు. 2007లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 396 మంది కాలేజీ విద్యార్థులకి రికార్డర్లు తగిలించి లెక్కేస్తే, ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ సగటున రోజుకి సుమారు 16,000 మాటలే మాట్లాడారు. మనిషికీ మనిషికీ మధ్య తేడా మాత్రం వేలల్లో ఉంది. కాబట్టి ఎంత మాట్లాడతాడన్నది పెద్ద సమస్య కాదు. దేని గురించి మాట్లాడి దేన్ని కప్పెడతాడన్నది చూడండి.

నేనైతే పెద్దకొడుకుని వాగుడుకాయని చేస్తాను. ఉద్యోగం పోయినప్పట్నించీ అతను ఎక్కువ మాట్లాడాలి. వడ్డీ రేట్ల గురించి, పక్కింటివాళ్లు కొన్న కారు మైలేజీ గురించి, చెల్లెలు ఎక్కడ పొదుపు చేయాలో. ఎవరూ అడగని సలహాలు ఇస్తాడు, ఎందుకంటే సలహా ఇచ్చేవాడి స్థానంలో ఉన్నంతసేపు అతన్ని ఎవరూ ఏమీ అడగరు. చెల్లెలు “నీ ఆఫీసులో ఎలా ఉందన్నయ్యా” అంటే “అది సరేగానీ, నువ్వు ఆ పాలసీ ఇంకా కడుతున్నావా?” అంటాడు. ఇలాంటివి పుస్తకంలో నాలుగైదు పడితే, తలుపు దగ్గర అతను “రేపు లేదు” అని ఊరుకోవడం పాఠకుడికి గట్టిగా తగులుతుంది.

ముగ్గురికీ దాక్కునే చోటు వేరువేరుగా ఇవ్వండి. తండ్రి పనిలో దాక్కుంటాడు. పెద్దవాడు మాటల్లో. చిన్నవాడు అన్నని అనుకరించడంలో. నాలుగో మగవాడు ఎవరైనా ఉంటే, ఆ స్నేహితుడో మరొకరో, మనసులో మాట సూటిగా చెప్పేసేవాణ్ణి పెట్టండి. అలాంటివాళ్లూ లోకంలో కావలసినంత మంది ఉన్నారు. అతని పక్కన నిలబడితే మిగతా ముగ్గురి తప్పించుకోవడం స్పష్టంగా కనబడుతుంది.

మరో సంగతి, అకౌంటెంట్ అని రాసి వదిలేశారు. అతని కోణంలో సాగే అధ్యాయాల్లో ఆ వృత్తి కళ్లలో ఉండాలి. బిల్లు చేతికి రాగానే మొత్తం సరిపోయిందో లేదో చూస్తాడు. నెలాఖరు వస్తుంటే, ఇప్పుడు మూసే ఖాతాలు ఏమీ లేకపోయినా, ఒంట్లో ఆ హడావుడి మొదలవుతుంది. తన పొదుపు ఎన్ని నెలలొస్తుందో రూపాయితో సహా తెలుసు. దాచడం కూడా అకౌంటెంట్‌లాగే దాస్తాడు: జీతం పడే తేదీకే, అంతే మొత్తం, తన డిపాజిట్ విరగ్గొట్టి ఇంటి ఖర్చుల ఖాతాకి పంపిస్తాడు. తండ్రికి ముందే అనుమానం ఉండాలనుకుంటే దారి ఇక్కడే ఉంది. ఒక నెల ఆ తేదీ సెలవు రోజైంది. కంపెనీ అయితే ముందురోజే వేసేసేది. కొడుకు ఆ సంగతి మరిచి సెలవు రోజునే పంపాడు. తలుపు దగ్గర తండ్రి ఆశ్చర్యపోకుండా నేరుగా “ఎప్పట్నించి” అని ఎందుకడిగాడో పాఠకుడికి అప్పుడు తడుతుంది.

మంచివాడని చూపించడానికి ఎవరిచేతా ఒకసారి గిన్నెలు తోమించకండి. పాఠకులు దాన్ని మార్కుల కోసం పెట్టిన సీన్‌గా పసిగట్టేస్తారు. ఇంటిపని చేసేవాడైతే మొదట్నించీ చేస్తూ ఉండాలి, నెరేషన్ దాన్ని ప్రత్యేకంగా మెచ్చుకోకూడదు.

వేళ్ల_సిరా:

చిన్నవాడి గురించి ఎవరూ ముట్టుకోలేదు. 14 ఏళ్లంటే ఏడాదిలో శరీరం చేతికి అందకుండా పోయే వయసు. మగపిల్లలు ఎత్తు బాగా సాగేది సగటున 13, 14 మధ్య, ఆ ఊపులో ఏడాదికి 9 సెంటీమీటర్ల పైన పెరుగుతారు. ముందు పాదాలు, చేతులు పెరుగుతాయి, మొండెం తర్వాత అందుకుంటుంది. అందుకే గుమ్మానికి భుజం కొట్టుకోవడం, గ్లాసు తన్నేయడం. దాన్ని నిర్లక్ష్యమని తిడితే వాడికి నిజంగా అన్యాయం జరిగినట్టే ఉంటుంది, ఆ ఉక్రోషం రాయడానికి బాగుంటుంది.

గొంతు పగలడం కొన్ని నెలలు సాగుతుంది, హఠాత్తుగా కీచుమంటుంది. అది తెలిసిన పిల్లాడు పొడుగు వాక్యాలు మానేస్తాడు, ఫోన్ ఎత్తడు, గట్టిగా పిలవాల్సి వస్తే లేచి దగ్గరికెళ్తాడు. “సిగ్గుపడ్డాడు” అని రాయనక్కర్లేదు, లేచి వెళ్లడం రాయండి. ఈ వయసులో నిద్ర వేళ కూడా గంటో రెండు గంటలో వెనక్కి జరుగుతుంది. రాత్రి పదింటికి వాడికి నిజంగానే నిద్ర రాదు. తండ్రి దాన్ని బద్ధకమంటాడు.

వాడి డైలాగ్ వయసు తప్పడానికి మామూలు కారణం, వాడికి తన మాటలు ఉండటం. ఈ వయసులో మాటలు ఎక్కువగా అరువువే. అన్న వాడే ఊతపదాన్ని వాడు కూడా వాడాలి, కొంచెం తప్పు సందర్భంలో. తండ్రి ముందు ఒక్కో మాట, స్నేహితుల దగ్గర గుక్క తిప్పుకోకుండా.

రహస్యం మొదట తెలిసేది వాడికే కావచ్చు, అర్థం కాకుండా. అన్న బ్యాగ్ ఎత్తితే తేలిగ్గా ఉంది, లోపల లాప్‌టాప్ లేదు. వాడు దాన్ని చూసి ఊరుకుంటాడు. చెప్పాలనీ తోచదు.

చిత్తుప్రతి:

చాలా థాంక్సండీ. సెలవు రోజు డబ్బు పడటం, వినికిడి, రెండూ వాడుకుంటాను. రెండు చిన్న సందేహాలు. పెద్దవాడు పాత ఆఫీసు మనిషితో ఒకచోట చేయిచేసుకుంటాడు, అది ఒకటిన్నర పేజీ ఉంది, చివర్లో అవతలివాడు చాలాసేపు స్పృహ తప్పి పడి ఉంటాడు. అలాగే పెద్దవాడు ఎక్కడైనా ఏడవచ్చా, లేక అది అతిగా ఉంటుందా?

కామా_చాలు:

ఒకటిన్నర పేజీ కొట్లాట చాలా ఎక్కువ. అలవాటు లేని ఇద్దరు కలబడితే కొన్ని సెకన్లలో అయిపోతుంది, అందులోనూ ఎక్కువ భాగం కాలర్ పట్టుకోవడం, తోసుకోవడం, కాలు జారి పడటం. ముందు మాటలకి ఒక పేజీ ఇచ్చి, దెబ్బలకి నాలుగు వాక్యాలివ్వండి. స్పృహ తప్పడం తీసేయండి. తలకి దెబ్బ తగిలి పడిపోయినవాడు మామూలుగా కొద్ది సెకన్లలో, మహా అయితే ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటాడు. చాలాసేపు లేవకపోతే అది మెదడుకి తగిలిన తీవ్రమైన గాయం, మీ కథ ఆసుపత్రికీ పోలీసులకీ వెళ్లిపోతుంది. ఉత్త పిడికిలితో తలమీద గుద్దితే విరిగేది చాలాసార్లు కొట్టినవాడి చెయ్యే, చిటికెనవేలి కింద అరచేతి ఎముక. అది వాడుకోండి: మర్నాటికి వాచిన కుడిచేత్తో అకౌంటెంట్ పెన్ను పట్టుకోలేడు.

ఏడవచ్చు, నిరభ్యంతరంగా. అయితే ఆపుకోవడాన్ని ఎక్కువగా, ఏడుపుని తక్కువగా రాయండి. గొంతు పట్టేసి మింగుడు పడదు, మాట తెగిపోతుందని తెలిసి చిన్న మాటలే వాడతాడు, పైకి చూస్తాడు, ఊపిరి బిగబడతాడు. ఎవరి ముందు ఏడుస్తాడన్నది మీరు ముందే తేల్చుకోవాలి. తండ్రి ముందు ఏడిస్తే తలుపు సీన్ పాడవుతుంది. తమ్ముడి ముందైతే ఇద్దరికీ ఏం చేయాలో తెలీదు, అది నయం.

మూడో_పేరా:

కొట్లాట తర్వాత ఇంటికొచ్చే భాగం మర్చిపోకండి. చొక్కా గుండీ తెగి ఉంటుంది, చెయ్యి వాచి ఉంటుంది, ఆఫీసుకే వెళ్తున్నట్టు ఇంకా నటిస్తున్నాడు. చొక్కా ఎక్కడ దాస్తాడు, చేతికి ఏం సాకు చెప్తాడు, ఇంట్లోవాళ్లలో ఎవరు దాన్ని నమ్మినట్టు ఊరుకుంటారు? కొట్లాటలో మిగిలిన పేజీ దీనికివ్వండి.